శనివారం అరగంట

క్లినిక్‌లో లోపలి గది తలుపు మూసుకోగానే ఆయన కుర్చీలోంచి లేచి, తలుపుకి చెవి ఆనించాడు.

లోపల ధబ్‌మని ఏదో చప్పుడు. కాసేపటికి మరొకటి. ఆ వెనకే కూతురి గొంతు, ‘హుక్’మని, కుక్కపిల్ల మొరిగినట్టు.

“కూర్చోండి సార్,” అంది బల్ల దగ్గరున్న అమ్మాయి. అలా అనడం అది నాలుగోసారి.

“లోపలున్నది నా కూతురమ్మా!”

“తెలుసండీ. అందుకే కూర్చోమంటున్నా.”

కూర్చున్నాడు, ముళ్ల మీద కూర్చున్నట్టు.

పాపకి తొమ్మిదేళ్లు. ఏడాదిగా ఉన్నట్టుండి మెడ ఓ పక్కకి విసురుతుంది. కళ్లు టపటపలాడిస్తుంది. గొంతులో ‘హుక్’మంటుంది. కావాలని చేసేది కాదు. నరాల డాక్టరు అన్నీ పరీక్షించి, “వీటిని టిక్స్ అంటారు. భయపడాల్సిందేమీ లేదు. పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గుతాయి. మీరు మాత్రం పట్టించుకోకండి,” అని పంపేశాడు.

పట్టించుకోకుండా ఉండటమా! ఆయనకి చేతకాని పని ప్రపంచంలో అదొక్కటే. గాజుసీసాల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా తనిఖీ ఉద్యోగం. బెల్టు మీద సీసాలు పరుగెడుతుంటే వెంట్రుకవాసి బీటని కూడా పట్టేస్తాడు. అలాంటి కళ్లని ఇంటికొచ్చాక ఏం చేసుకోవాలి? భోజనాల దగ్గర పాప మెడ విసిరినప్పుడల్లా బల్ల కింద ఆయన వేలొకటి ముడుచుకునేది. “ఇవాళ నలభై రెండు,” అనేవాడు భార్యతో, పాపకి వినపడదనుకుని.

“మీ చూపుకి ఆ సీసాలు ఇంకా పగలకుండా ఉన్నాయంటే గొప్పే,” అనేది ఆవిడ.

ఈ కైరోప్రాక్టర్ సంగతి చెప్పింది ఆవిడ అక్క. వెన్నుపూసలు చేత్తో నొక్కి, మెడ టక్కున తిప్పి సరిచేస్తాడట. “పసిదాని మెడనుకున్నారా, సీసా మూతనుకున్నారా?” అని ఈయన ఇంతెత్తున లేచాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకటయ్యాక ఈయన మాట వినేదెవరు? నోరు మూసుకుని పాపని తీసుకొచ్చాడు.

మొదటి శనివారం ఆ మనిషి పాప నడక చూశాడు, నిలబడే తీరు చూశాడు. “పాపతో అయిదు నిమిషాలు విడిగా మాట్లాడాలి,” అని ఈయన్ని బయటికి పంపాడు. అంతే, మళ్లీ ఆ గది గడప తొక్కనివ్వలేదు.

“తండ్రిని. పక్కన నిలబడితే తప్పేంటి?” అని అడిగాడు రెండో శనివారం.

“మీరుంటే పని జరగదండీ,” అని నవ్వి, గడియ పెట్టేశాడు ఆ మనిషి.

ఆ నవ్వు ఈయనకి మింగుడు పడలేదు.

అంతకన్నా మింగుడు పడనిది మరొకటుంది. పాపకి నిజంగానే తగ్గుతోంది. జుట్టంతా రేగి, చెమటలు కక్కుతూ బయటికొస్తుంది గానీ, మొహం మాత్రం కడిగిన పలకలా ఉంటుంది. రెండో శనివారం సాయంత్రం లెక్క పదకొండు. మూడో శనివారం ఆరు. భార్య సంబరానికి అంతు లేదు. ఈయనకి మాత్రం అనుమానం పట్టుకుంది. ఇన్ని నెలలు తగ్గనిది అరగంటలో ఎలా తగ్గుతుంది? మందేదన్నా పెడుతున్నాడా? బెదిరిస్తున్నాడా?

మెడ మీద వేలి గుర్తులున్నాయేమోనని వెతికాడు. ఒక్కటీ లేదు. దాంతో అనుమానం ఇంకాస్త ముదిరింది.

“లోపల ఏం చేస్తాడు తల్లీ ఆయన?”

పాప తల దించుకుంది. “చెప్పకూడదు నాన్నా.”

“చెప్పకూడదని ఎవరన్నారు?”

“మా ఇద్దరికీ ఒప్పందం.”

“సరే. వచ్చే వారం నుంచి వెళ్లొద్దు.”

పాప బావురుమంది. బొమ్మ విరిగితే ఏడవని పిల్ల, బడిలో వెక్కిరిస్తే ఏడవని పిల్ల, వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. “నాన్నా, శనివారం ఒక్కటీ తీసెయ్యొద్దు!”

అలా వచ్చిందే ఈ నాలుగో శనివారం.

ధబ్. ధబ్. లోపల ఏదో దొర్లింది. పాప ఎప్పుడూ లేనంత గట్టిగా అరిచింది, ఒకదాని మీద ఒకటిగా. మగగొంతు మాత్రం ఒక్కసారి కూడా వినపడలేదు. ఓదార్చే మాటన్నా లేదేం? ఆయనకి ఇక ఒంటి మీద తెలివి లేదు. పిడికిలితో తలుపు బాదబోయాడు. తలుపు తడితే లోపలి మనిషి జాగ్రత్తపడతాడని తోచి, చెయ్యి దించేశాడు. బల్ల దగ్గరి అమ్మాయి ఫోనెత్తిన అదను చూసి, వీధిలోకి వచ్చి, పక్క సందులోంచి పెరటివైపు పరుగెత్తాడు. దారిలో నీళ్లగొట్టానికి కాలు తగిలి బోర్లా పడబోయాడు కూడా. ఒకటే మొక్కుకున్నాడు, దాని మెడకి ఏమీ కాకూడదని.

పెరట్లో గది వెనక తలుపు ఉంది. అదీ మూసే ఉంది. దాని ముందు మెట్టు మీద, చేతిలో పేపరుతో, తీరిగ్గా కూర్చుని ఉన్నాడు కైరోప్రాక్టర్.

ఈయన వెళ్లి అతని చొక్కా కాలరు పట్టుకుని లేపాడు. “నువ్విక్కడుంటే లోపల నా కూతురి దగ్గర ఎవడున్నాడు? ఎవడి చేత చేయిస్తున్నావు?”

ఆ మనిషి కాలరు విడిపించుకోలేదు, నెమ్మదిగా మాట్లాడమన్నట్టు పెదాల మీద వేలు పెట్టుకుని అన్నాడు: “మీ అమ్మాయి తప్ప లోపల ఎవరూ లేరండీ, నా వైద్యం తనకొద్దని, వారానికో అరగంట నాన్న చూడని, లెక్కపెట్టని చోట ఇష్టమొచ్చినట్టు మెడ విసిరి, అరిచి, గెంతుకోనిస్తే చాలని మొదటి రోజే నన్ను అడిగింది.”