ఖాళీ గిన్నెలో సీరియం

ముందే చెబుతున్నాను, ఈ కథలో రవ్వంత కల్తీ లేదు. కావాలంటే ఏ మిషన్లోనైనా పెట్టి చూసుకోండి.

"ఏమీ వెయ్యని గిన్నెలో సీరియం ఎక్కణ్ణించి ఊడిపడిందమ్మా?" అంటూ డైరెక్టరు కాగితాన్ని బల్లమీద పడేశాడు.

కెమిస్టుకు ఒళ్ళు మండిపోయింది. ల్యాబులో అందరూ ఆవిణ్ణి చాటుగా కడుగుళ్ళ మేడం అంటారు. ఆవిడ పని జిర్కాన్ ఇసుకను కరిగించడం. అదేమో మామూలు ఆమ్లాలకు లొంగే సరుకు కాదు. టెఫ్లాన్ గిన్నెలో ఘాటైన ఆమ్లం పోసి, ఉక్కు తొడుగులో బిగించి, రోజుల తరబడి ఓవెన్లో ఉడికిస్తేగాని దాని కడుపులో దాక్కున్న సీరియంలాంటి అరుదైన లోహాలు బయటికి రావు. అవీ ఎంతని, చెరువులో చిటికెడు ఉప్పంత. అందుకే ఇసుక గిన్నెల పక్కన ఉత్త ఆమ్లంతో ఖాళీ గిన్నె ఒకటి ఉడుకుతుంది. అందులో ఏ లోహం కనబడ్డా అది మనుషులు తెచ్చిన మురికే.

"మీ అజాగ్రత్తే ఇది. ఇసుక ఇంకొక్కసారికే మిగిలింది. అదీ పాడైతే దుమ్ము చొరనివ్వని ఆ శుభ్రం గదిలోకి మీరు మళ్ళీ వెళ్ళనక్కర్లేదు."

"నాదా అజాగ్రత్త? గాజులు తీసేసి, మొహానికి పౌడరు మానేసి, గౌనూ టోపీ తగిలించుకుని వెళ్ళేదాన్ని. సీరియం దానంతటది గాల్లో తిరగదు సార్. అద్దాలకు మెరుగుపెట్టే పొడిలో ఉంటుంది, లైటర్ నిప్పురాయిలో ఉంటుంది. ఇక్కడ అద్దాలకు మెరుగుపెట్టేవాళ్ళు లేరు. మరి గుమ్మంలో నిలబడి పొద్దస్తమానం టిక్కు టిక్కుమనేది ఎవరు?"

డైరెక్టరు బొటనవేలు లైటరు మీద ఆగిపోయింది.

"ఇది మా నాన్నగారిది."

"ఆయన్నేమీ అనడంలేదు. ఇందులో వెయ్యండి." ప్లాస్టిక్ సంచీ నోరు తెరిచి పట్టుకుంది.

ఆయన వేశాడు. "కళ్ళజోడు తళతళలాడించుకుంటూ నామీదికే వస్తున్నారు," అని గొణిగాడు.

"మా ఆయన తుడిచి పెడతారు. శుభ్రం మా ఇంటావంటా ఉంది."

మిగిలిన ఇసుకను ముట్టుకోకుండా ఆవిడ ముందు ఖాళీ గిన్నెనొక్కదాన్నే మళ్ళీ పెట్టింది. ఆమ్లం పోసేముందు దుమ్మేమైనా ఉందేమోనని, గ్లౌజు వేసుకున్న చేత్తో కళ్ళజోడు సవరించుకుని గిన్నెమీదికి వంగి మరీ చూసింది.

ఈసారి సీరియం ఇంకా పెరిగింది.

"నా లైటరు మీ సొరుగులోనే ఉందిగా," అన్నాడు డైరెక్టరు.

"ఇంకోటి కొన్నారేమో, ఎవరు చూడొచ్చారు?"

ఆయన జేబులు తిరగేసి చూపించాడు. రుమాలు, తాళాలు రాలాయి.

ఆవిడ ఇంటికొచ్చి చేతిసంచీ విసిరికొట్టింది. "నన్ను మురికిదాన్నంటున్నాడండీ."

"వాడి మొహం. ముందు ఆ కళ్ళజోడిలా ఇవ్వు," అన్నాడు భర్త. జేబులోంచి గుడ్డ తీసి రుద్దడం మొదలుపెట్టాడు. "గీతలు పడ్డాయని సణిగావుగా. కళ్ళజోళ్ళ షాపువాడు మెరుగుపెట్టే పొడి ఏదో ఇచ్చాడు. రోజూ నువ్వు లేచేలోపు ఇదే పని నాకు. నీళ్ళు కూడా తగలనివ్వడంలేదు, మెరుపు పోతుందని."

ఆవిడ కుర్చీలో కూలబడింది.

మర్నాడు కళ్ళజోడు శుభ్రంగా కడుక్కుని డైరెక్టరు గదికి వెళ్ళింది. రెండు చేతులా లైటరు అందించి, "తప్పు నాదేనండీ," అంది.

కల్తీ లేదన్నాను కదూ. ఆ చివరి ముక్క నేను కలిపిందే. కళ్ళజోడు కడుక్కున్నమాట మాత్రం నిజం. ఖాళీ గిన్నె ఖాళీగానే వచ్చాక ఆవిడ, "మీ లైటరు పొడి గదిలోంచి ఇప్పటికి వదిలింది సార్, పోనీలెండి," అని డైరెక్టర్ని క్షమించింది. పాపం, ఆయన థాంక్స్ కూడా చెప్పాడు.