ఒక్క బిడ్డకే చోటు

బిడ్డలను బెంగుళూరు ఆసుపత్రికి తీసుకుపోయే వ్యాను వచ్చిందనగానే స్వప్న లేవబోయి, కాళ్లు నిలవక మళ్లీ కూలబడింది.

పచ్చి బాలింత. హిందూపురంలోని ఆ పిల్లల ఆసుపత్రి వరండాలో కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు. ఆ తెల్లవారుజామున మాత్రం చాప మీద కాస్త కునుకు పట్టింది. బిడ్డ అద్దాల గదిలో ఉన్నాడు. తల్లులను పిలిస్తే తప్ప లోపలికి రానివ్వరు.

గుండె నుంచి కిందికి పోయే పెద్ద రక్తనాళం ఒకచోట నొక్కుకుపోయిందని, అందుకే కాళ్లలో నాడి అందడం లేదని డాక్టరు చెప్పాడు. "కడుపులో ఉన్నప్పటి చిన్న నాళం ఒకటి ఇంకా మూసుకోలేదు. దాని పుణ్యాన బతికున్నాడు. అది మూసుకోకుండా మందు ఎక్కిస్తున్నాం. కానీ బెంగుళూరులో ఆపరేషన్ చేయాల్సిందే."

వ్యానులో ఒక్క బిడ్డకే చోటు. ముందు వంతు మరియమ్మ పాపది. పెనుకొండ పక్క పల్లెలో కూలికి పోయే మనిషి. పాపకు గుండె దగ్గరి నాళాలు తారుమారుగా ఉన్నాయంటే ఎత్తుకొచ్చింది. వరండాలో స్వప్న చాప పక్కనే ఆమె చాప.

"లెయ్ పాపా, వ్యాను నీకే," అంది మరియమ్మ స్వప్నతో.

"నీ వంతు కదక్కా?"

"మాకింక బెంగుళూరికి పోయే పనిలేదంట. డాక్టరు పొద్దున్నే చెప్పినాడు. నువ్వు పో."

ఆ పాపకు ఆపరేషన్ లేకుండానే నయమైపోయిందా? తన బిడ్డకే ఎందుకీ రాత? సంతోషించాల్సింది పోయి స్వప్నకు కడుపు మండింది.

మరియమ్మ ఆమె జుట్టు ముడివేసింది. టీ తెచ్చి తాగించింది. ధర్మవరంలో మగ్గం దగ్గరున్న స్వప్న భర్త తిరుపాల్‌కు కాయిన్‌బాక్సు నుంచి ఫోన్ చేసి, నేరుగా బెంగుళూరుకే రమ్మంది.

"పాలు ఆగిపోకుండా పిండుతా ఉండు. వాడు కోలుకున్నాక కావల్ల కదా."

"నాకు భయమైతాంది. నేను పోను."

"భయపడితే ఎట్ల? బిడ్డకు నువ్వే ధైర్యం."

"నీకేమక్కా, నీ పాప బాగుపడింది. ఎన్నైనా చెప్తావు!"

నోరు జారింది. మరియమ్మ కాసేపు అద్దాల గది వైపు చూసింది.

"ఔను పాపా. దానికింక ఏ కష్టమూ లేదు," అని స్వప్న రెక్క పట్టుకుని లేపింది. వ్యాను తలుపు పడేదాకా ఆ చేయి వదల్లేదు.

బెంగుళూరులో నొక్కుకుపోయిన ముక్క తీసేసి నాళాన్ని కలిపి కుట్టారు. అక్కడి డాక్టరమ్మ స్వప్న వేలు పట్టుకుని బిడ్డ పాదం మీద ఉంచింది. నాడి సన్నగా కొట్టుకుంటోంది. ఏడవడానికి కూడా ఓపిక లేక, స్వప్న ఆ మంచానికే తల ఆనించి నిద్రపోయింది.

మళ్లీ చూపించుకోవడానికి హిందూపురం వచ్చినరోజు, బిడ్డను తూకం వేస్తున్న నర్సు జయమ్మను అడిగింది.

"ఆ పొద్దు మరియమ్మక్కను అనగూడని మాట అనేసినా. తప్పయిందని చెప్పుకోవల్ల. వాళ్ల పాప ఎట్లుండాది?"

జయమ్మ బిడ్డను తూకం మీంచి తీసి స్వప్న చేతికిచ్చింది.

"ఆ పొద్దు తెల్లారేసరికే పాప పోయిందమ్మా, పూడ్చేదానికి వాళ్లాయన ఊరికి ఎత్తుకపోతే, నిన్ను వ్యాను ఎక్కించేదాకా కదిలేది లేదని మరియమ్మ ఈడే నిల్చిపోయింది."