నూతి గిలక

"ఇంకొంచెం పైకెత్తండి ఢిల్లీబాబుగారూ!"

కార్గిల్‌లో తూటా తగిలిన కుడిచెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. పలాసలో మాజీ సైనికులకు ప్రభుత్వం పెట్టిన శిబిరంలో వ్యాయామాలు చేయించే ఇందుమతి, విసుగ్గా అతని భార్య వైపు తిరిగింది.

"రత్నాలమ్మా, నేనిచ్చిన గిలకా తాడూ ఇంట్లో దూలానికి కట్టి రోజూ లాగిస్తున్నావా?"

"లేదమ్మగోరూ. నూతికి కట్టీసినాను."

"నూతికా? బుద్ధుందా నీకు? అది ఆయన చెయ్యి లేవడానికిచ్చింది!"

"తెలుసమ్మా. అందుకే దూలానికి కట్టనేదు." రత్నాలమ్మ గొంతు తగ్గించింది. "ఆ సెయ్యి బాగున్నప్పుడు, సెలవుకొచ్చిన ప్రెతిసారీ నన్నేటి సేసీవోడో మీకు తెల్దు."

ఢిల్లీబాబు కుడిచెయ్యి గాల్లోకి లేచి ఆమె చెంప మీద పడింది. రత్నాలమ్మ వెళ్ళి గోడకు కొట్టుకుంది.

"లేచింది!" ఇందుమతి అరిచింది. "భుజం దాటి లేచింది!"

అన్నాక, రత్నాలమ్మ పెదవి చిట్లి కారుతున్న రక్తం కనబడింది. ఇందుమతి చూపు తిప్పుకుంది. ఢిల్లీబాబు భుజం పట్టుకుని కీలు ఎంత వదులైందో నొక్కి చూసింది.

"ఇవాళే ఆ గిలక విప్పి దూలానికి కట్టమ్మా," అంది మెల్లగా. "రోజూ నువ్వే దగ్గరుండి లాగించాలి."