మొరవకు అడ్డంగా గోడ

“చెరువు పొర్లిపోయే మొరవకు అడ్డంగా గోడ కట్టింది నువ్వే! కట్ట తెగి మా వీధి కొట్టుకపోతే ఆ పాపం నీదే!” వానలో తడుస్తూ అరిచింది డిగ్రీ చదివే కోమలి.

గోడ అవతల ప్లాట్లు వేసి అమ్మిన ఢిల్లీబాబు గొడుగు సర్దుకున్నాడు. “ప్రకృతి వైపరీత్యం పాపా. మీ బుక్కులో లేదా?”

“వాన ప్రకృతిది. గోడ నీది.”

ఇంతలో కోమలి అవ్వ సుబ్బులమ్మ పళ్లెంలో చీర, పసుపు పెట్టుకుని వచ్చింది. మొరవ పారినప్పుడు గంగమ్మకు చీర పెట్టడం ఊరి ఆచారం.

“ఇన్నేళ్లకు చెరువు నిండితే అరస్తావేందే? మొరవ యాడ పారతాండాది?”

కోమలి గోడ చూపించింది. నీళ్లు కట్ట అంచును తాకుతున్నాయి.

అవ్వ పళ్లెం కింద పెట్టేసింది. “గడ్డపార తేపో.”

కోమలి గోడెక్కి అవతలికి చూసింది. మొరవ కాలువ నిండా ఇళ్లే. ఒక వాకిట్లో తన క్లాసు రూపశ్రీ, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని, ఇంట్లో చేరిన వాన నీళ్లు తోడిపోస్తోంది.

గోడ పగిలితే వాళ్లు. పగలకపోతే తాము.

“ఆగవ్వా,” అంది. గోడ దిగి ఢిల్లీబాబు గొడుగు లాగిపారేసింది.

“ఏదో ఒక వీధి పోయేదేనన్నా. మనుషులన్నా మిగలాల. నువ్వమ్మిన ప్లాట్లలో ప్రతి ఇంటి తలుపూ నువ్వే తట్టు, అందర్నీ బయటికి తీసకరా. మా వీధిని నేను లేపతా. ఆపైన నీ గోడ నువ్వే పగలగొట్టాల. కదులు!”