ఏడో నంబరు మనిషి

“నిజం చెప్పు. ఈ ఏడో నంబరు మనిషిని నువ్వే పుట్టించావు కదూ?”

గైడు మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళద్దాలు తీసిందంటే ఎవరికో మూడిందని డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు.

ఎదురుగా నిలబడ్డ విద్యార్థిని పేరు రూళ్ళకర్ర. ఆ పేరు తోటి ట్రైనీలు పెట్టింది. రూలు అంటే చాలు, గీత గీసినట్టు నడుస్తుందని.

మాటలతో మనసుకి వైద్యం చేసే చదువు ఆమెది. పట్టా చేతికి రావాలంటే ముందు ఒక పరిశోధన చేయాలి. ‘రిటైరైన తండ్రులు ఇంట్లో చెప్పుకోలేని మాటలు’ అన్న విషయం తీసుకుంది. మనుషులు కావాలని లైబ్రరీలో, పార్కులో, కాలేజీ గేటు పక్కన కాగితాలు అంటించింది. ఎనిమిది మంది వచ్చారు. పేర్లు బయటపెట్టకూడదు కాబట్టి నంబర్లు ఇచ్చింది. మిగతావాళ్ళందరూ ముక్తసరిగా మాట్లాడారు. ఏడో ఆయన మాత్రం రెండున్నర గంటలు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడాడు.

“లేదు మేడమ్. మనిషి ఉన్నారు.”

“ఉంటే ఇలా మాట్లాడతాడా?” మేడమ్ కాగితం తీసి పైకి చదివింది. “‘మావాడికి ఉద్యోగం వచ్చిన రోజు సంతోషం పట్టలేకపోయాను. వాడి ముందు ఏడిస్తే బాగుండదని సందు చివరికి పోయి ఏడ్చాను. ఇప్పటికీ వాడి చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఇస్త్రీపెట్టెతో చెబుతుంటాను, మావాడంతటివాడు లేడని.’ ఏ తండ్రమ్మా ఇలా అనేది?”

“అన్నారు మేడమ్. ఆయనెవరో తెలిసిపోకుండా కొన్ని వివరాలు మాత్రం మార్చాను. మీరే నేర్పారు కదా.”

“వివరాలు మార్చమని నేర్పాను. మనిషినే తయారుచెయ్యమని నేర్పలేదు. తండ్రులు ఎలా ఉంటారో నాకు తెలీదా? నేను డాక్టరేట్ తెచ్చి చూపిస్తే మా నాన్న ఏమన్నాడో తెలుసా? ‘స్కూటర్లో పెట్రోలు అయిపోయింది’ అంటూ బయటికెళ్ళిపోయాడు. అదీ తండ్రంటే! ఇది కథ.”

రూళ్ళకర్రకి మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాలుకే కొరుక్కుంది.

“రికార్డింగు వినిపించు. వదిలేస్తాను.”

“రాసుకోగానే చెరిపేస్తానని సంతకం పెట్టిచ్చాను మేడమ్. చెరిపేశాను.”

“పోనీ, పేరు చెప్పు. నా చెవిలో చెప్పు.”

“చెప్పకూడదు మేడమ్.”

“నేను నీ గైడుని!”

“‘గైడు అడిగినా చెప్పకూడదు’ అని మొదటి క్లాసులో బోర్డు మీద రాసింది మీరే మేడమ్. కింద రెండు గీతలు కూడా గీశారు.”

మేడమ్ చేతిలోని కాగితం బల్ల మీద పడేసింది.

“అయితే విను. ఇది కల్పించిన సమాచారమని రాసి పంపేస్తాను. ఈ ఏడాది గోవిందా.”

రూళ్ళకర్ర వాళ్ళ ఇంటి మొత్తానికి మొదటి డిగ్రీ ఆమెది. ఇంకో ఏడాది చదివించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మేమో అప్పుడే వీధంతా చాటేసింది. పక్కింటావిడ తన మొగుణ్ణి మొదటి పేషెంటుగా రాసిపెట్టుకోమని చెప్పి కూడా వెళ్ళింది. ఒక్క పేరు చెబితే గండం గట్టెక్కుతుంది. ఒకే ఒక్క పేరు.

“మేడమ్, ఆ ఎనిమిది మందీ ఒప్పుకుంటూ పెట్టిన సంతకాల కాగితాలు ఎథిక్స్ కమిటీ ఆఫీసులో సీలు వేసి ఉన్నాయి. గుమస్తాగారు చూసి, మనిషి ఉన్నాడో లేడో చెప్పొచ్చు. పేరు మాత్రం చెప్పకూడదు. ఆరో రూలు.”

“బతికించావు, పద.”

ఆఫీసులో గుమస్తా తాపీగా కవరు చింపాడు. ఏడో కాగితం బయటికి లాగాడు. పేరు చూశాడు. మేడమ్‌ని చూశాడు. మళ్ళీ పేరు చూశాడు. ఉన్నట్టుండి దగ్గు తెర ముంచుకొచ్చింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగితే గానీ తగ్గలేదు.

“ఉన్నారు మేడమ్,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “నిక్షేపంలా ఉన్నారు.”

“నిజంగానా?”

“నా ఉద్యోగం మీద ఒట్టు.”

గదికి తిరిగొచ్చాక మేడమ్ ఆ పేజీ ఇంకోసారి చదివింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. సంతకం చేసింది.

“తప్పు నాదేనమ్మా. ఆ కొడుకెవడో గానీ పెట్టిపుట్టాడు. ఇంత ప్రేమ ఇంట్లోనే పెట్టుకుని కనిపెట్టలేకపోయాడు చూడు, కళ్ళు లేని కబోది!”

రూళ్ళకర్ర తన చెప్పుల వంక చూస్తూ, “అలా అనకండి మేడమ్,” అంది.

“ఆయన ఎప్పుడైనా కనబడితే చెప్పు. ఆ ముక్కేదో ఇస్త్రీపెట్టెకి కాదు, ఆ వెధవకే చెప్పమను.”

“తప్పకుండా మేడమ్.”

రూళ్ళకర్ర ఫైలుని గుండెలకి హత్తుకుని మెట్లు రెండేసి చొప్పున దిగింది.

గేటు బయట స్కూటరు మీద, మేడమ్ హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని రోజూలాగే ఎదురుచూస్తున్న పెద్దాయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: “ఏమ్మా, ఏడో నంబరు గురించి మా అమ్మాయి ఏమంది?”