మూడిళ్ల గోపిక

గోపికకు ఇల్లు ఏదో తేలక, కంప్యూటరు ముందు కూర్చున్న సునీతకు మెడ పట్టేసింది.

వలస వెళ్లిన కుటుంబాల పిల్లల వివరాలను మార్కాపురంలో సునీత పనిచేసే సంస్థ, వికీపీడియా లాంటి ఒక వికీలో ఎక్కిస్తోంది. పిల్లకో పేజీ, ఇంటికో పేజీ. పిల్ల పేజీలో ఇల్లు అనే గడి ఒక్కటే. రెండో ఇంటి పేరు రాస్తే మొదటిది ఎగిరిపోతుంది. గడువు ఈ సాయంత్రమే; ఖాళీగా వదిలితే గోపికకు మార్కాపురం పిల్లల హాస్టల్లో సీటే పోతుంది. ఆ వికీని కట్టిన మహానుభావుడు లోకంలో ప్రతి పిల్లకూ ఒక ఇల్లు ఉంటుందనుకున్నాడు, పాపం.

అర్ధవీడు దగ్గరి ఊరి నుంచి వివరాలు చెప్పే మల్లికి సునీత మళ్లీ ఫోన్ చేసింది.

"మల్లీ, ఒక్కిల్లు చెప్పు."

"ఒక్కిల్లు యాడుందక్కా? గొర్రెలకు వంతులేసుకున్నట్టు పిల్లలకూ ఏసుకున్నాము. గోపిక రత్నమ్మత్త కాడ తింటాది, మా ఇంట్లో పండుకుంటాది, బడి లేకుంటే పోలేరమ్మవ్వ ఎంబడి పోతాది. మా ఇంట్లోనే ఇంకో ముగ్గురు పిల్లోళ్లు పండుకుంటారు."

సునీత నిట్టూర్చి ఆ గడినే తీసేసింది. పిల్లనూ ఇంటినీ కలిపే ప్రతి వంతుకూ విడిగా ఒక పేజీ పెట్టింది. ఏ పిల్ల, ఏ ఇల్లు, తిండికా, నిద్రకా, బడి లేని రోజులకా. ఇక పిల్లకు ఎన్ని ఇళ్లయినా ఉండొచ్చు, ఇంటికి ఎంతమంది పిల్లలైనా ఉండొచ్చు. ఈ గొడవలో మధ్యాహ్నం అన్నం సంగతే మరిచిపోయింది. రాత్రికి తానుండే లేడీస్ హాస్టలు నీళ్లపప్పే దిక్కు.

"తల ఎవరు దువ్వుతారు?" అని అడిగింది. దానికి వికీలో గడి లేదు.

"నేనే అక్కా. పేలు లేవు, దిగులుపడొద్దు."

ఫోన్ పెట్టేసరికి పైఅధికారి ధనుంజయ వచ్చి వెనక నిలబడ్డాడు. కొత్త పద్ధతి బాగుందన్నాడు, తక్కిన పిల్లలకూ ఇట్లాగే చేయమన్నాడు. సునీత ఉద్యోగంలో చేరి నెల కాలేదు, మెప్పు వినడం ఇదే మొదలు. తర్వాత ఆయన గోపిక పేజీలు చదివి మొహం చిట్లించాడు.

"ఇంత చిన్నబిడ్డను మూడిండ్ల పాలు చేసి పోయిన ఆ తల్లి ఎవరమ్మా?"

సునీత మళ్లీ గోపిక పేజీ తెరిచింది. తల్లి పేరు రాసే గడి ఒక్కటే మిగిలింది, దానికి వంతులు లేవు.

అందులో తన పేరు టైపు చేసింది.