బుంగడి జట్టు

కొండ కింద గుంటలో ఇప్పపూలు రాలి, నాని, పులిసిపోయాయి. కుర్రకోతులు ఆ నీళ్ళు తాగి, తూలుతూ పిట్టల గూళ్ళు పీకి నవ్వుకునేవి.

ఆ అడవికి కొత్తగా వచ్చిన ఎలుగుపిల్ల బుంగడికి స్నేహితులు లేరు.

"తాగితేనే మా జట్టు," అన్నాయి కోతులు. బుంగడు కడుపునిండా తాగాడు.

"ఇప్పుడు ఆ తేనెపట్టు లాగు, చూద్దాం!"

లాగాడు. తేనెటీగలు ముసురుకోగానే కోతులు తలోదిక్కూ పారిపోయాయి. బుంగడు ధబ్బున తుప్పల్లో పడ్డాడు.

చప్పుడు విని, ఒళ్ళంతా ముళ్ళున్న ఏదుపంది పిల్ల సూదమ్మ వచ్చింది. "ఆ పాడు నీళ్ళు ఎందుకు తాగావురా?"

"నాతో ఇంకెవరూ మాట్లాడరుగా," అన్నాడు బుంగడు వాచిన ముక్కు పట్టుకుని.

సూదమ్మ అతని గోళ్ళకేసి చూసింది. "మేం నలుగురం రోజూ దుంపలు తవ్వుతాం. నువ్వూ రా. కానీ నన్ను ఆనుకుని మాత్రం కూర్చోకు!"

వారం తర్వాత కోతులు కేకేశాయి. "ఒరే బుంగా, గుంట నిండింది, రారా!"

గోతిలోంచి మట్టికొట్టుకున్న తల పైకి లేచింది.

"ఇప్పుడు రాలేనర్రా! అందరం ఒకరినొకరు పట్టుకుని పెద్ద దుంప లాగుతున్నాం. ముందున్న నేను వదిలేస్తే నలుగురూ వెల్లకిలా పడతారు!"